లారీ ఏ.సి.లో గ్యాస్ ఎక్కడికి పోతోంది?

ఒక మే నెల బుధవారము సాయంత్రము, మార్కాపురము దగ్గరి పల్లెలో గృహకూడిక జరుగుతున్నది. ప్రార్థన మనవులు అడిగినప్పుడు ఒక సహోదరి లేచి, "అయ్యగారూ, మా ఆయన లారీలో ఏ.సి. నిలబడేటట్టు ప్రార్థన చెయ్యండి" అన్నది. ముందు వరుసలోని పిల్లలు కిసుక్కున నవ్వారు. పెద్దవారిలోనూ ఒకరిద్దరు తల వంచుకొని నవ్వు ఆపుకున్నారు. ఆ సహోదరి మాత్రము కొంగుతో కళ్ళు తుడుచుకొంటూ కూర్చున్నది.

ప్రియ చదువరులారా, మాకూ లోలోపల నవ్వు వచ్చిన మాట దాచము. ఏ.సి. అనగానే పట్నపు కార్లు, కల్యాణమండపాలు గుర్తుకు వస్తాయి గాని, దానికొరకు ఒక ఇల్లాలు కన్నీరు పెట్టుకొంటుందని ఎవరికి తోస్తుంది? మరునాడు వారి ఇంటికి వెళ్ళి అరుగుమీద కూర్చుంటే అసలు సంగతి తెలిసింది.

ఆమె భర్త ఇరవై ఏళ్ళుగా స్టీరింగు పట్టినవాడు. ఇంకొకరి బండి జీతానికి తోలి తోలి, చివరకు ఫైనాన్సులో ఒక పాత ఆరు చక్రాల లారీ కొన్నాడు. మార్కాపురము పలకలు, గిద్దలూరు వైపు మిరప, కంది, పత్తి, ఏ లోడు దొరికితే ఆ లోడు ఎత్తుకొని నల్లమల కనుమ దాటి నంద్యాలకు, అటు తిరిగి వినుకొండ మీదుగా గుంటూరుకు తిరుగుతాడు. బండి కొనడానికి ముందటి వేసవిలో ఒకనాడు మధ్యాహ్నము, దిగువమెట్ట దాటి కనుమ ఎక్కుతుండగా కళ్ళు బైర్లు కమ్మాయి. ఎట్లాగో బండిని పక్కకు తీసి ఆపి, స్టీరింగుమీదనే వాలిపోయాడు. క్లీనరు కుర్రవాడు డబ్బాలోని నీళ్ళన్నీ తలమీద కుమ్మరించాడు గనుక మనిషి మిగిలాడు. అందుచేతనే సొంత బండి చూసేటప్పుడు టైర్లకంటె ముందు ఏ.సి. చూశాడు. అది కంపెనీవారు బిగించినది కాదు. మునుపటి ఓనరు ఎక్కడో కారు సామాను తెచ్చి బిగింపించుకున్నది.

కొన్న కొద్ది నెలలకే చల్లదనము పోయింది. ఒక షెడ్డులో గ్యాస్ కొట్టారు, చల్లబడింది. మళ్ళీ పోయింది, మళ్ళీ కొట్టారు. మూడవసారి కూడా పోయేసరికి, "కంప్రెసర్ పోయింది, కొత్తది వెయ్యాల్సిందే" అన్నారు. దానికి ఆమె మెడలోని గొలుసు బ్యాంకులో పెట్టాలి. ఆమె వద్దన్నది. ఈ ఎండలో ఏ.సి. లేకుండా తోలలేనని అతడన్నాడు. పది రోజులుగా ఆ ఇంటిలో భార్యాభర్తలకు మాటలు లేవు, అన్నము గిన్నెల చప్పుడే.

మన పశ్చిమ ప్రకాశపు ఎండ గురించి మార్కాపురము, గిద్దలూరు, కంభము, యర్రగొండపాలెమువారికి మేము చెప్పనక్కరలేదు. సముద్రపు గాలి ఇంతదూరము రాదు. నల్లమల కొండరాయి, ఇక్కడి పలకరాయి పగలంతా తాగిన వేడిని రాత్రికి వదులుతూనే ఉంటాయి. 2015 మే నెల వడగాడ్పులకు మన దేశములో రెండువేలమందికి పైగా మరణించారు. వారిలో అత్యధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణలవారే. ఎక్కువగా దెబ్బతిన్న జిల్లాలలో మన ప్రకాశము ఒకటి. ఆ ఎండలో లారీ క్యాబిన్ అంటే ఇనుప పెట్టె. పైన రేకు, ముందు అద్దము, పక్కనే ఇంజను. పాత బండ్లలో ఇంజను మూత క్యాబిన్‌లోకే పొడుచుకొని ఉంటుంది. క్లీనరు దానిమీద గోనెపట్టా పరచుకొని కూర్చోవడము మీరు చూసే ఉంటారు.

ఇది ప్రభుత్వమువారికీ తెలియని సంగతి కాదు. 2023 డిసెంబరులో కేంద్ర రవాణా శాఖ ఒక ఉత్తర్వు ఇచ్చింది. దాని ప్రకారము 2025 అక్టోబరు 1 నుండి తయారయ్యే మధ్యతరహా, పెద్ద లారీలన్నిటికీ క్యాబిన్‌లో ఏ.సి. ఉండి తీరాలి. మంచిదే. అయితే ఆ తేదీకి ముందు తయారైన బండ్లకు ఆ నియమము వర్తించదు. మన పల్లెలలో తిరిగేవి అవే. వాటిలో ఏ.సి. ఉన్నదంటే చాలామట్టుకు తర్వాత బిగించుకున్నదే. చెడితే కంపెనీవారిని అడిగేందుకు లేదు. కనుక మన సహోదరులు ఈ యంత్రము ఎట్లా పనిచేస్తుందో కొంచెమైనా తెలిసికొంటే మేలు అనిపించి ఈ వ్యాసము వ్రాస్తున్నాము.

ఆ మరుసటి శనివారము మేమూ ఆ సహోదరునితో కూడా లారీ ఎక్కాము. మార్కాపురములో ఒక పెద్దాయన ఉన్నాడు. ముస్లిము సోదరుడు, అరవై దాటినవాడు, అందరూ భాయ్ అనే పిలుస్తారు. చింతచెట్టు క్రింద రెండు రేకులు వేసుకున్న షెడ్డు ఆయనది. ఆయన దగ్గరకు తీసికొనిపోవడము మా ఆలోచన కాదు, ఆ సహోదరి ఆలోచన. తన అన్న ట్రాక్టరు డైనమో ఆయనే బాగుచేశాడట. ఆమె కూడా వచ్చింది, చంకలో ఒక చేతిసంచి పెట్టుకొని.

భాయ్ బండి బానెట్టు తెరవలేదు. ముందు స్టూలు వేసి మమ్మును కూర్చోబెట్టి, టీ చెప్పి, డ్రైవరును అడిగాడు. "చల్లదనము ఎట్ట పోయింది? టక్కున పోయిందా, రోజురోజుకూ తగ్గతా పోయిందా?"

"మెల్లగా తగ్గింది భాయ్."

"నడిచేటప్పుడు చల్లగా ఉండి, నిలబెడితే వేడొచ్చేదా?"

"అదీ ఉంది. కనుమ ఎక్కేటప్పుడు అసలు ఉండదు."

"మొదటిసారి కొట్టిన గ్యాసు ఎన్నాళ్ళు నిలిచింది?"

అతడు తల గోక్కున్నాడు. అప్పుడు ఆ సహోదరి సంచిలోనుండి ఒక లెక్కల పుస్తకము తీసింది. పాలవాడి లెక్క, కిస్తీల లెక్క, చీటీపాట లెక్కల మధ్య గ్యాస్ కొట్టించిన మూడు తేదీలూ ఇచ్చిన డబ్బుతో సహా వ్రాసి ఉన్నవి. మొదటిసారి రెండు నెలలు నిలిచింది. రెండవసారి నలభై రోజులు. మూడవసారి ఇరవై రోజులు కూడా లేదు.

భాయ్ ఆ పేజీ చూసి నవ్వాడు. "గ్యాసు యాడికి పోయిద్ది అయ్యగారూ? డీజిలు మాదిరి కాలిపోయేదా అది? మూసిన గొట్టాల్లో తిరిగేదేగా. తగ్గిందంటే కారినట్టే. బొక్క పెద్దదైతా ఉంది, అంతే. కంప్రెసరు మాట తరవాత."

ఆ మాట మాకు కొత్త. మీలో చాలామందికీ కొత్తే అయి ఉంటుంది. ఏడాదికొకసారి గ్యాస్ పోయించడము ఆయిలు మార్చడము వంటిదని, అది వాడకముతో అయిపోతుందని మేమూ అనుకొంటూ ఉండేవారము.

మట్టికుండలో నీరు ఎందుకు చల్లబడుతుంది? కుండ పైకి చెమర్చిన నీరు ఆవిరి అవుతూ లోపలి నీటిలోని వేడిని తీసికొనిపోతుంది. సూది వేసేముందు నర్సమ్మ స్పిరిటు దూది రాస్తే చేయి చల్లబడేది కూడా ఇందుకే. ఏ.సి.లో జరిగేదీ ఇదే. కార్లలో, లారీలలో ఎక్కువగా వాడే ఆర్-134ఏ అనే ద్రవము మామూలు గాలి ఒత్తిడిలో సున్నాకు 26 డిగ్రీలు దిగువనే మరిగి ఆవిరైపోతుంది. క్యాబిన్‌లో డాష్‌బోర్డు క్రింద ఉండే కూలింగ్ కాయిల్‌లో అది ఆవిరై క్యాబిన్ వేడిని పీల్చుకొంటుంది. ఆ ఆవిరిని ఇంజను బెల్టుతో తిరిగే కంప్రెసర్ లాగి, బాగా అదిమి, వేడి చేసి రేడియేటరు ముందరి కండెన్సర్‌లోనికి నెట్టుతుంది. అక్కడ బయటి గాలి తగిలి మళ్ళీ ద్రవమవుతుంది. ఆ ద్రవము డ్రయ్యరు అనే డబ్బాగుండా తేమ వదిలించుకొని, ఎక్స్‌పాన్షన్ వాల్వు అనే సన్నని ద్వారము దాటి మళ్ళీ కూలింగ్ కాయిల్‌కు వస్తుంది. కుండలోని నీరు ఆరిపోతుంది గనుక రోజూ పోస్తాము. ఇక్కడ ఆవిరి బయటికి పోదు, తిరిగి వస్తుంది. గొట్టాలు గట్టిగా ఉన్నంతకాలము అదే గ్యాస్ సంవత్సరాల తరబడి తిరుగుతుంది. రబ్బరు పైపులగుండా, సీళ్ళగుండా కొద్దికొద్దిగా తగ్గడము సహజమే గాని, ఇరవై రోజులలో ఖాళీ కావడము సహజము కాదు.

భాయ్ బండి స్టార్టు చేయించి ఏ.సి. స్విచ్ వేయించాడు. కంప్రెసర్ ముందున్న క్లచ్ టక్కుమని అంటుకొని, రెండు క్షణాలలో ఊడిపోయి, మళ్ళీ అంటుకొన్నది. తర్వాత రెండు గేజులు తగిలించాడు. ఒక ముల్లు కంప్రెసర్ లోనికి లాగే వైపు ఒత్తిడిని, రెండవది బయటికి నెట్టే వైపు ఒత్తిడిని చూపుతుంది. రెండూ అడుగుననే ఉన్నవి. ఇది గ్యాస్ తక్కువైన గుర్తు. కంప్రెసర్ నిజముగా అరిగిపోయి ఉంటే లాగే వైపు ముల్లు పైకి, నెట్టే వైపు ముల్లు క్రిందికి, ఒకదానికొకటి దగ్గరగా వచ్చి నిలబడతాయట. మునుపటి షెడ్డువారు గేజు పెట్టి చూశారా అని అడిగితే, లేదు, చేయి పెట్టి చూశారని డ్రైవరు అన్నాడు. ఒక గొలుసు తాకట్టుకు పోయేంత తీర్పును చేయి పెట్టి చెప్పారు!

ఇక వెదకడము మొదలయింది. గ్యాస్‌కు రంగు లేదు, మనిషి పసికట్టేంత వాసనా లేదు. అయితే కంప్రెసర్ అరగకుండా గ్యాస్‌తోపాటు కొంచెము నూనె కూడా తిరుగుతూ ఉంటుంది. గ్యాస్ కారినచోట ఆ నూనె కూడా చెమర్చుతుంది, దానికి దుమ్ము పట్టి నల్లని జిడ్డుమచ్చ అవుతుంది. భాయ్ టార్చిలైటు పట్టుకొని ప్రతి జాయింటూ తుడిచి తుడిచి చూశాడు. రెండు అనుమానపు చోట్లు దొరికిన తర్వాత, మిగిలిన గ్యాస్ తీసివేసి, నైట్రోజను సిలిండరుతో గొట్టాలలో ఒత్తిడి నింపి, సబ్బునురుగు రాశాడు. క్యాబిన్ క్రింద, ఛాసిస్‌ను ఆనుకొని పోయే రబ్బరు పైపు దగ్గర బుడగలు వచ్చినవి. బిగించినవాడు ఆ పైపుకు క్లాంపు పెట్టలేదు. బండి కుదుపుకు అది ఇనుముమీద రాసుకొని రాసుకొని సన్నబడింది. వేలితో తడిమితే మాకూ తెలిసింది. అరచేతిలో బియ్యపుగింజంత గాడి. మూడుసార్లు పోయించిన గ్యాస్, ఆ ఇంటి సమాధానము, రెండూ అందులోగుండానే పోయినవి.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఒత్తిడి పరీక్షకు నైట్రోజను మాత్రమే వాడాలి. వెల్డింగు షెడ్డులో చేతికి అందింది కదా అని ఆక్సిజను ఎక్కించరాదు. లోపలి నూనెతో అది కలిసి ఒత్తిడిలో పేలుతుంది. అట్లాగే ఖర్చు తగ్గుతుందని వంటగ్యాస్ వంటివి ఏ.సి.లో పోసేవారు ఉన్నారు. చల్లబడుతుంది, నిజమే. కాని అది కారేది మూసిన క్యాబిన్‌లోనికి, పక్కనే బీడీ ముట్టించే క్లీనరు ఉంటాడు. అసలు గ్యాస్ సైతము కంటిలో, చేతిమీద పడితే చర్మము గడ్డకట్టి కాలినట్టు అవుతుంది. ఇంట్లో స్పానరు ఉన్నది కదా అని జాయింటు విప్పకండి.

పైపు సంగతి తేలింది గాని భాయ్ అక్కడితో వదలలేదు. నిలబెడితే వేడి వస్తున్నదన్న మాట ఆయన మరచిపోలేదు. కండెన్సర్ ముందర మోకాళ్ళమీద కూర్చొని మమ్మును పిలిచి చూపించాడు. సన్నని అల్యూమినియము రేకుల మధ్య సందు కనబడడము లేదు. పలకల గనుల బూడిదరంగు దుమ్ము, పత్తి నూగు, పురుగులు కలిసి గోడ కట్టినట్టు ఉన్నది. బండి వేగముగా పోతుంటే ఎదురుగాలి కొంచెమైనా చొరబడుతుంది. కనుమలో రెండవ గేరులో ఎక్కుతుంటే ఆ గాలీ ఉండదు, ఇంజను వేడేమో అప్పుడే ఎక్కువ. అందుకే అవసరమైన చోటనే చల్లదనము ఉండేది కాదు. గ్యాస్ ఎంత పోసినా ఈ దుమ్ము ఉన్నంతకాలము ప్రయోజనము లేదు. పైగా గ్యాస్ ఎక్కువైతే ఒత్తిడి పెరిగి నిజముగానే కంప్రెసర్ పోతుంది.

దీనికి ఆయన వాడిన మందు ఒక బకెట్టు నీళ్ళు, ఒక మెత్తని బ్రష్షు. నీటిని లోపలి వైపునుండి బయటికి, నెమ్మదిగా పోయాలి. ముందునుండి సర్వీసింగు పైపుతో జోరుగా కొడితే రేకులు వంగి ఉన్న సందులూ మూసుకొంటాయి, దుమ్ము ఇంకా లోపలికి పోతుంది. ఇది ఇంజను ఆపి, చల్లారిన తర్వాత ఎవరైనా చేసుకోవచ్చు. పలకలు, సిమెంటు, పత్తి ఎత్తేవారు నెలకు ఒకసారైనా చేయడము అవసరము.

మూడవ సంగతి విని మేము నిజముగా ఆశ్చర్యపడ్డాము. లెక్కల పుస్తకములో ఏడాదిలో రెండు బ్యాటరీలు కొన్న లెక్క కూడా ఉన్నది. భాయ్ ఆ పద్దుమీద వేలు పెట్టి, "ఇదెందుకు?" అన్నాడు. బ్యాటరీకి ఏ.సి.కి ఏమి సంబంధమని డ్రైవరు అన్నాడు. పెద్ద లారీలలో 12 ఓల్టుల బ్యాటరీలు రెండు కలిపి 24 ఓల్టులు నడుస్తాయి. ఈ ఏ.సి. సామాను కారుది, 12 ఓల్టులది. బిగించినవాడు సులువుగా ఉంటుందని రెండింటిలో ఒక బ్యాటరీనుండి మాత్రమే తీగ లాగాడు. క్లచ్, బ్లోయర్ రెండూ ఆ ఒక్క బ్యాటరీనే తాగుతున్నవి. అది ఎప్పుడూ సగము ఆకలితో ఉంటే, రెండవదానికి చార్జి ఎక్కువై నీరు ఇగిరిపోతున్నది. ఒకే కాడి క్రింద ఒక ఎద్దుకు మేత పెట్టక, రెండవదానికి పొట్ట పగిలేటట్టు పెడితే అరక ఎట్లా సాగుతుంది? దానికి 24 ఓల్టులను 12కు దించే కన్వర్టరు పెట్టాలి, లేదా క్లచ్ కాయిల్, బ్లోయర్ మోటారు 24 ఓల్టులవి వేయాలి. భాయ్ కన్వర్టరు పెట్టాడు.

ఆ దినమంతా అక్కడే గడిచింది. పైపు కొత్తది ప్రెస్ చేయించి తెచ్చారు. జాయింట్లలో రబ్బరు ఓ-రింగులు, డ్రయ్యరు మార్చారు. ఒకసారి గొట్టాలు విప్పి గాలి తగిలితే డ్రయ్యరు తేమ తాగేస్తుంది గనుక దానిని మార్చక తప్పదట. ఆ తర్వాత వ్యాక్యూమ్ పంపు పెట్టి ముప్పావు గంటసేపు లోపలి గాలిని, తేమను లాగారు. చాలా షెడ్లలో తొందరపడి విడిచిపెట్టే పని ఇదేనని భాయ్ అన్నాడు. తేమ మిగిలితే ఎక్స్‌పాన్షన్ వాల్వు దగ్గర మంచుగా గడ్డకట్టి దారి మూస్తుంది. కాసేపు చల్లగా, కాసేపు వేడిగా వచ్చే ఏ.సి.లకు ఒక కారణము ఇది. లాగిన తర్వాత పంపు ఆపి, గేజు ముల్లు కదలకుండా నిలిచిందని చూశాకనే గ్యాస్ ఎక్కించాడు, అదీ తూకము వేసి. చిన్న కారుకు అరకిలోకు అటూ ఇటుగా పడుతుంది. ఈ లారీలో పైపులు పొడవు గనుక ఇంకొంచెము పట్టింది.

భాయ్ పని చేస్తున్నంతసేపూ మేము ఇంకొక సంగతి ఆలోచిస్తూ కూర్చున్నాము. ఒకప్పుడు ఈ యంత్రాలలో ఆర్-12 అనే గ్యాస్ ఉండేది. అది పైకి పోయి, సూర్యుని హానికర కిరణాలను అడ్డగించే ఓజోను పొరను తినివేస్తున్నదని 1974లో మోలినా, రోలండ్ అనే శాస్త్రజ్ఞులు హెచ్చరించారు. 1987లో మాంట్రియల్ ఒప్పందము జరిగింది, 1992లో మన దేశమూ అందులో చేరింది, 2010 నాటికి ఆ గ్యాస్ తయారీ ఆగిపోయింది. ఇప్పటి ఆర్-134ఏ ఓజోనుకు హాని చేయదు. అయితే భూమిని వేడి చేయడములో బొగ్గుపులుసు వాయువుకంటె సుమారు 1,400 రెట్లు బలమైనది. కారిన పైపులో మూడుసార్లు గ్యాస్ పోయించడమంటే మన డబ్బు పోవడము ఒకటే కాదు, ఏ ఎండనుండి తప్పించుకోవాలని ఏ.సి. పెట్టుకున్నామో ఆ ఎండకే మేత వేయడము. ఆదాము తోటను సేద్యపరచుటకును కాచుటకును ఉంచబడ్డాడని మనము ఆదివారపుబడి పిల్లలకు నేర్పుతాము గదా. ఆ పాఠములో లారీ పైపు కూడా ఉన్నదని మాకు ఆ చింతచెట్టు క్రిందనే తోచింది.

సాయంకాలము బండి మళ్ళీ స్టార్టు చేశారు. కంప్రెసర్ నిశ్శబ్దముగా పట్టింది, ముళ్ళు రెండూ ఉండవలసిన చోట నిలిచినవి. పోయిందన్న కంప్రెసర్ అదే! అన్నీ కలిపి అయిన ఖర్చు కొత్త కంప్రెసర్ ధరలో సగమూ కాలేదు. గొలుసు మెడలోనే ఉన్నది.

అయితే గాలి మంచుగడ్డలా వచ్చిందని వ్రాస్తే అబద్ధమవుతుంది. కారు కొరకు చేసిన కాయిల్ లారీ క్యాబిన్‌కు చాలదు. భాయ్ ఆ మాట దాచకుండా చెప్పి, చల్లదనము నిలుపుకొనే దారి చూపాడు. పెడళ్ళ దగ్గర నేలలో ఉన్న కన్నాలు మూయించమన్నాడు, తలుపుల రబ్బరు బీడింగులు మార్చమన్నాడు, ఇంజను మూతక్రింద వేడి ఆపే పట్టా వేయించమన్నాడు. పగుళ్ళిచ్చిన ఆ మూతగుండా ఇంజను వేడి, పొగ రెండూ లోపలికి వస్తున్నవి.

పొగ అన్నాము గనుక ఒక మాట. రాత్రిళ్ళు డాబాల దగ్గర అద్దాలు ఎత్తుకొని, ఇంజను నడుస్తుండగా ఏ.సి. వేసుకొని నిద్రపోయే డ్రైవర్లు ఉన్నారు. సైలెన్సరు జాయింటు కారినా, నేల తుప్పుపట్టి కన్నము పడినా, కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు లోపలికి వస్తుంది. దానికి వాసన ఉండదు. మొదట తలనొప్పి, మత్తు, తర్వాత నిద్రలోనే ప్రాణము పోతుంది. మూసిన షెడ్డులోనైతే మంచి బండి అయినా ఇదే ప్రమాదము. మీ ఇంటివారు లారీ తోలేవారైతే ఈ మాట తప్పక చెప్పండి.

ఏ.సి. ఉన్నా లేకున్నా ఎండదెబ్బ గుర్తులు ఇంటిల్లిపాదికీ తెలిసి ఉండాలి. రాజుల రెండవ గ్రంథము నాలుగవ అధ్యాయములో షూనేమీయురాలి కుమారుడు కోతకాలములో తండ్రియొద్దకు పొలమునకు వెళ్ళి, తలనొప్పి అని, మధ్యాహ్నమునకే తల్లి ఒడిలో చనిపోయాడు. అది ఎండదెబ్బే అయి ఉండవచ్చునని వ్యాఖ్యాతలు అంటారు. ప్రవక్తయైన యోనా సైతము సొరచెట్టు నీడ పోగానే సొమ్మసిల్లాడు. తలనొప్పి, వాంతి, కాళ్ళు పట్టివేయడము మొదటి గుర్తులు. అప్పుడే బండి ఆపి నీడకు చేరి ఉప్పు వేసిన మజ్జిగ, ఓ.ఆర్.ఎస్. నీళ్ళు తాగాలి. మనిషి తికమకగా మాట్లాడినా, ఒళ్ళు కాలిపోతున్నా, స్పృహ తప్పినా అది ప్రాణాపాయము. బట్టలు వదులు చేసి, ఒళ్ళంతా తడిపి, విసురుతూ, 108కు ఫోను చేయాలి. స్పృహ లేనివారి నోటిలో నీళ్ళు పోయరాదు. కనుమలో ఆ క్లీనరు కుర్రవాడు పాఠము చదవకుండానే సరియైన పని చేశాడు.

తిరుగు ప్రయాణములో ఆ సహోదరి మా ఇద్దరి మధ్య, ఇంజను మూతమీద గోనెపట్టా వేసుకొని కూర్చున్నది. చాలాసేపు ఎవరమూ మాట్లాడలేదు. ఊరు కనబడుతుండగా అతడు బ్లోయరు మీట కొంచెము ఆమెవైపు తిప్పి, "గాలి తగులుతుందా?" అన్నాడు. పది రోజుల తర్వాత మొదటి మాట అదేనని ఆమె మా ఇంట్లో మా ఆమెతో చెప్పిందట.

భాయ్ చివరిగా ఒకటి చెప్పాడు. చలికాలములో ఏ.సి. అక్కరలేదని నెలల తరబడి కట్టివేయరాదు. కంప్రెసర్ సీలు ఎండి, పగిలి, అక్కడినుండి గ్యాస్ కారుతుంది. వారానికి ఒకసారి పది నిమిషాలైనా నడపాలి. ఆ డిసెంబరులో క్రిస్మసు పాటలకు పిల్లలను అదే లారీలో ఊరూరా త్రిప్పాము. చలికి పిల్లలు గోల పెడుతుంటే మన సహోదరుడు వినకుండా ఏ.సి. వేశాడు. పక్కనే అతని భార్య లెక్కల పుస్తకము తీసి తేదీ వేసుకొన్నది. మే నెలలో ఎక్కించిన గ్యాస్ క్రింద ఆ వరుసలో ఇంకొక పద్దు లేదు.